మూడు బ్రాకెట్లు

టోర్షావ్న్ రేవులో వాన పక్కనుంచి కురుస్తుంది.
గొడుగు ఇక్కడ ఎవరికీ అక్కరకు రాని అలంకారం.
చేపల శాఖ కార్యాలయం రెండో అంతస్తులో
సున్నేవా నా పాత కోడ్ తెరిచింది.
పందొమ్మిదేళ్ళ కిందట నేను రాసింది,
ఒకటే వరస,
మూడు వందల పన్నెండు అక్షరాలు.
చివర చూడాలంటే తెరను పక్కకి లాగుతూనే పోవాలి,
చిక్కుపడ్డ గాలాల తాడును పడవలోకి లాగినట్టు.

"ఇది మీరే రాశారా, హానుస్?" అంది.
పొగడ్తో కాదో తేలక తల ఊపాను.

ఏ బ్రాకెట్టు ఏ రాత్రి పుట్టిందో నాకు తెలుసు.
ఇదిగో ఈ నిలువు గీత,
దక్షిణ ద్వీపం పడవలు తేదీల మధ్య చుక్క మానేసి
ఏటవాలు గీత పెడుతున్నాయని తెలిసిన రాత్రిది.
ఈ ప్రశ్నార్థకం, నాలుగుకి ముందు సున్న పెట్టే
ఓపిక లేని ఒక కెప్టెన్ కోసం.
ముప్ఫై రోజుల నెలలకో కొమ్మ, ముప్ఫైయొక్కటికో కొమ్మ,
ఫిబ్రవరికి విడిగా ఒక పిల్లకొమ్మ,
లీపు సంవత్సరం వస్తే దానికి మళ్ళీ పిల్లలు.
గాలికి ఒకవైపే వాలిన ఇంటికప్పు మీది గడ్డిలా
వరసంతా బ్యాక్‌స్లాష్‌లు.
కాకిపిల్ల కాకికి ముద్దు.

సున్నేవా కాఫీ పక్కన పెట్టి చెరపడం మొదలెట్టింది.
"అంకెలు ఎక్కడున్నాయో చెప్పడం దీని పని.
అలాంటి రోజు ఉందో లేదో చూడటం క్యాలెండరు పని.
వలకి చేపను పట్టడం వస్తే చాలదా,
పులుసు పెట్టడం కూడా దానికే నేర్పారేంటి?"

నాకు కోపం వచ్చింది.
కిటికీ అవతల ఎవరో నిచ్చెనెక్కి
ఒక పడవ పాత పేరు మీద తెల్లరంగు పూస్తున్నారు.
అటే చూస్తూ కూచున్నాను.

నెలల పేర్లను ముందే అంకెలు చేసే చిన్న పట్టిక రాసింది,
జులై అంటే ఏడు, అంతే, వాదన లేదు.
ఆ తర్వాత ఇది మిగిలింది:

(\d+)\D+(\d+)\D+(\d+)

ఇరవై ఒక్క అక్షరాలు. వేలు పెట్టి లెక్కపెట్టాను.
కొన్ని అంకెలు, అంకె కానిదేదో,
మళ్ళీ అంకెలు, మళ్ళీ ఏదో,
మళ్ళీ అంకెలు.
ఆ ఏదో చుక్కయినా, గీతయినా,
నిద్రమత్తులో గుమాస్తా కొట్టిన రెండు ఖాళీలయినా
దానికి పట్టింపు లేదు.
మూడోది ముందుకి, మొదటిది వెనక్కి.
సంవత్సరం, నెల, రోజు.

నలభై వేల చిట్టా వరసలు
నా కాఫీ చల్లారేలోపు తిరిగి నిలబడ్డాయి.
ఒక్కటి తప్ప.

ఎర్రగా వెలిగింది: 29/2 1957

"ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదే," అంది, తీసేయబోతూ.
"ఆగు," అన్నాను.

ఆ కొమ్మ కూడా నాదే, వరస చిట్టచివర,
చదివినవాళ్ళంతా తప్పనుకునే చోట.
ట్రోండుర్ అని ఒక కెప్టెన్.
ఐస్‌లాండ్‌కి కింద, పదకొండు రోజుల తుఫానులో
పొద్దు పొడిచిందో లేదో తెలియక రోజులు జారిపోయాయి.
తెరిపిచ్చాక పెన్సిల్ తీసి చిట్టా రాశాడు.
లేని రోజున అతను ఏడు పెట్టెల కాడ్ చేపలు పట్టాడు.
కింద, వంకర అక్షరాల్లో: అందరం ఉన్నాం.
ఉప్పు తిన్న ఆ కాగితం నేను పట్టుకున్నాను.
మార్చి ఒకటని దిద్దడానికి చెయ్యి రాలేదు.
అందుకే నా నమూనాలో ఒక తలుపు పెట్టాను,
అతనొక్కడు దూరేంత.

సున్నేవా కాసేపు మాట్లాడలేదు.
"ఇది నమూనా కాదు హానుస్, కబురు."
కొత్త ఫైలు తెరిచింది. అందులో ఒకటే వరస.
ఎడమవైపు అతను వేసిన తేదీ, వేసినట్టే.
కుడివైపు మార్చి ఒకటి, దాని వెనక సందేహం గుర్తు.
కారణం మీరే రాయండంటూ
కీబోర్డు నావైపు తోసింది.

మూడు వందల పన్నెండు అక్షరాల్లో దాచిందాన్ని
మామూలు మాటల్లో రాసేసరికి
భోజనాల వేళ దాటింది. ఆ పడవకి
ఇంకా కొత్త పేరు పడలేదు.
అడుగున సంతకం చేసి, తేదీ వేయబోయి
ఒక్క క్షణం ఆగి,
సంవత్సరం ముందు వేశాను.